మోకాలి వెనుక గడ్డ: కట్టు కంటే ముందు ఎక్స్‌రే

నర్సీపట్నం: మోకాలి వెనుక రాయిలాంటి గడ్డ. నొప్పి అంతగా లేదు, జ్వరం లేదు. కాలు మాత్రం పూర్తిగా ముడవదు, బాసింపట్టు వేసి కూర్చోవటం కష్టం. పాతికేళ్ల కుర్రవాడికి ఇలా వస్తే ఆటలో తగిలిన దెబ్బ అనో, వాతమనో పసరు కట్టు కట్టించటం పల్లెల్లో పరిపాటి. ఇటువంటి గడ్డలు చాలావరకు ప్రమాదం లేనివే. కాని అరుదుగా అది ఎముక పైభాగాన పుట్టిన కేన్సర్ కావచ్చు.

సాధారణంగా ఎముక కేన్సర్ ఎముక లోపల పుట్టి, త్వరగా పెరిగి, రాత్రిళ్లు నొప్పి పెడుతుంది. పైభాగాన పుట్టేవి ముఖ్యంగా మూడు రకాలు. తొడ ఎముక కింది భాగాన, మోకాలి వెనుక వచ్చే పెరోస్టియల్ రకం ఏళ్ల తరబడి నెమ్మదిగా పెరుగుతుంది. ఈ నెమ్మదే మనిషిని మోసగిస్తుంది. టీనేజి పిల్లల్లో ఎక్కువగా కనిపించే పెరియోస్టియల్ రకం కొంత చురుకైనది. మూడవది అన్నిటికంటే అరుదు, తీవ్రం. దానికి ఆపరేషన్‌తోపాటు కీమోథెరపీ కూడా అవసరం.

మొదటి రకాన్ని సకాలంలో గుర్తించి, చుట్టూ ఉన్న మంచి కండతో సహా పూర్తిగా తీసివేస్తే కీమోథెరపీ సాధారణంగా అక్కరలేదు. పదిమందిలో సుమారు తొమ్మిదిమంది బ్రతుకుతున్నారు. కాలు కూడా చాలామందికి దక్కుతుంది. అరకొరగా కోస్తే గడ్డ తిరిగి వస్తుంది. ఆలస్యమైతే కొన్ని తీవ్రరూపం దాల్చి ఊపిరితిత్తులకు పాకుతాయి.

చిక్కు ఏమంటే, ప్రమాదం లేని ఎముక బొడిపె కూడా ఎక్స్‌రేలో ఇంచుమించు ఇలాగే కనిపించవచ్చు. అందుకే స్కానింగ్, ఆపైన ముక్క తీసి పరీక్ష. ఆ ముక్కను ఆపరేషన్ చేయబోయే వైద్యబృందమే తీయాలి. సూది వెళ్లిన దారిని కూడా తర్వాత తొలగించవలసి ఉంటుంది. ఎక్కడపడితే అక్కడ కోస్తే కాలు నిలిచే అవకాశమే పోవచ్చు.

నర్సీపట్నం ప్రాంతీయ ఆసుపత్రిలో ఎక్స్‌రేతో అనుమానం కలిగితే చాలు, విశాఖ కె.జి.హెచ్.కు గాని, అగనంపూడిలోని హోమీ భాభా కేన్సర్ ఆసుపత్రికి గాని పంపవచ్చు. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై నేడు ఎన్.టి.ఆర్. వైద్యసేవగా నడుస్తున్న పథకం కింద పేదలకు కేన్సర్ చికిత్స అందుతుంది. అయితే బస్సు చార్జీలు, పోయిన కూలి ఎవరిస్తారు? గొలుగొండ, కొయ్యూరు, చింతపల్లి వైపునుంచి వచ్చేవారికి అదే పెద్ద అడ్డంకి. వారిని పంపటంతో బాధ్యత తీరదు, చేరారో లేదో విచారించే ఏర్పాటు కావాలి.

గడ్డ నెల దాటినా తగ్గకపోతే మర్దన, కట్టు మాని ముందు ఎక్స్‌రే తీయించాలి. చాలామందికి భయం తీరుతుంది. ఏ ఒక్కరికో కాలు, ప్రాణం దక్కుతాయి.