మగ్గం చెప్పే రోబో పాఠం

ధర్మవరంలో బెంగళూరు రైలెక్కితే దారిలో పెనుకొండ, ఆ తర్వాత హిందూపురం వస్తాయి. ఒకచోట పట్టుచీరలు, ఒకచోట కార్లు, మరోచోట పట్టుగూళ్లు. ఒకదానికొకటి పొంతన లేనట్టే ఉంటుంది. కానీ ఇంజినీరింగ్ చదువుతూ రోబోటిక్స్ నేర్చుకోవాలనుకునే పిల్లలకు ఈ మూడు ఊళ్లూ మూడు పాఠాలు!

రోబో అంటే సినిమాల్లో కనిపించే మరమనిషే కానక్కర్లేదు. చుట్టూ ఏముందో గమనించాలి, ఏం చేయాలో తేల్చుకోవాలి, ఆ పని చేయాలి. ఈ మూడూ వచ్చిన యంత్రం ఏ ఆకారంలో ఉన్నా రోబోనే.

ధర్మవరం మగ్గం మీద జకార్డుకు వేలాడే చిల్లుల అట్టలను చూడండి. ఒక్కో అట్ట ఒక్కో పేక పోగుకు. చిల్లు ఉన్నచోట కొక్కెం లేచి పడుగు పోగును ఎత్తుతుంది. లేనిచోట పోగు కదలదు. అట్టలు మారిస్తే డిజైను మారుతుంది, మగ్గం మాత్రం అదే. ప్రోగ్రామ్ అంటే ఇదే! ఫ్రాన్స్‌కు చెందిన జకార్డ్ 1804లో తెచ్చిన ఈ ఉపాయాన్నే, మూడు దశాబ్దాల తర్వాత చార్లెస్ బాబేజ్ తన గణన యంత్రానికి వాడుకోవాలనుకున్నాడు.

అయితే పోగు తెగిందని జకార్డుకు తెలియదు. అట్టలో ఉన్నది చేసుకుపోతుందంతే. చూసి, ఆపి, ముడి వేసేది నేతన్నే.

ఇక పెనుకొండ. పక్కనే ఎర్రమంచిలో 2019లో ఉత్పత్తి మొదలుపెట్టిన కియా కార్ల కర్మాగారంలో వందల రోబోలున్నాయి. కార్ల పరిశ్రమలో వెల్డింగ్ చేసే మరచేతికి సాధారణంగా ఆరు కీళ్లుంటాయి. ఎందుకు ఆరు? ముందుకీ వెనక్కీ, పక్కకీ, పైకీ కిందికీ కదిలి కోరినచోటికి చేరడానికి మూడు. చేరాక పనిముట్టును కావలసిన కోణంలో తిప్పడానికి మరో మూడు. ఆ చేతికి ఒకసారి దారి నేర్పితే వేలసార్లు అదే దారిలో వెళుతుంది. మధ్యలో మనిషి అడ్డొచ్చినా పోల్చుకోలేదు కనుకే ఇలాంటి యంత్రాల చుట్టూ కంచె కడతారు.

లోటు ఎక్కడుందో తెలిసిందిగా? ఆ పాఠం హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్లో దొరుకుతుంది. అనుభవం ఉన్న మనిషి గూడును చేతిలోకి తీసుకుని నొక్కి చూస్తే చాలు, గట్టిదో మెత్తదో తెలిసిపోతుంది. యంత్రానికి వేళ్లు లేవు. ఆ గట్టిదనాన్ని అంకెగా మార్చి చెప్పాలి. ఆ పని సెన్సర్‌ది.

ఈ మూడు పాఠాలూ ఇంట్లోనే ప్రయోగించి చూడొచ్చు. ఆర్డుయినో బోర్డు, రెండు చిన్న మోటార్లు, వాటిని నడిపే సర్క్యూట్, రెండు ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్లు ఉంటే తెల్లకాగితం మీద నల్లగీత వెంట నడిచే బండి తయారవుతుంది. మొదట్లో అది తూలుతుంది, గీత దాటేస్తుంది. కొంచెం తప్పితే కొంచెం, ఎక్కువ తప్పితే ఎక్కువ తిరిగేలా ప్రోగ్రామ్ మార్చితే కుదురుకుంటుంది. గదిలో చక్కగా నడిచిన బండి ఆరుబయట దారి తప్పొచ్చు. ఎండలోనూ ఇన్‌ఫ్రారెడ్ కిరణాలుంటాయి మరి!

ఫైనలియర్‌లో రెడీమేడ్ ప్రాజెక్టు కొనుక్కున్నా మార్కులు రావచ్చు. కానీ ఇంటర్వ్యూలో 'బండి ఎండలో ఎందుకు ఆగింది?' అని అడిగితే, దాన్ని చేత్తో చేసినవాళ్లే చెప్పగలరు. మెకానికల్, ఎలక్ట్రానిక్స్, కంప్యూటర్ బ్రాంచీల విద్యార్థులు కలిసి చేస్తే మరీ మంచిది. రోబోకు మూడూ కావాలి.

'మన పల్లెల నుంచి అంతదాకా వెళతారా?' అనుకోనక్కర్లేదు. అప్పటి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి 1979లో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూట్‌కు తొలి డైరెక్టరయ్యారు. 1994లో ట్యూరింగ్ అవార్డూ అందుకున్నారు.

కాబట్టి అమ్మానాన్నలూ... సెలవుల్లో పిల్లలు మోటారు కాల్చేశారని కసురుకోకండి. ఎందుకు కాలిందో అడగండి. జవాబు చెప్పగలిగితే, ఆ డబ్బు దండగ కానట్టే!