ఆ డబ్బా ఎవరిది?

ల్యాండ్‌ఫోన్ మూగబోతే లైన్‌మన్ వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోవాలా? మా మాచర్లలో చాలామంది ఆడవాళ్లు అలాగే కూర్చుంటారు. అక్కర్లేదంటాన్నేను. బయటి తీగ వచ్చి కలిసే మొదటి డబ్బా, అదే రోజెట్, మార్చడం మాత్రం టెలిఫోన్ వాళ్ల పని. అక్కడ మన చెయ్యి పెట్టొద్దు. మామూలుగా 48 వోల్టులుండే లైనులో, గంట మోగేటప్పుడు దాదాపు 75 వోల్టులుంటాయి. ఉరుములప్పుడైతే ఇంకా ప్రమాదం.

డబ్బా ఇవతలి తీగ, ఫోను మనవే. ఆ తీగ ఊడదీసి, ఫోనును నేరుగా రోజెట్‌కే తగిలించి చూడండి. టోను వస్తే లోపం మన తీగలోనే, కొత్తది వేసుకోవచ్చు. రాకపోతే ఇంకో ఫోను తగిలించి చూడండి; దానికీ రాకపోతే లోపం బయటే. బ్రిటన్‌లోనైతే డబ్బానే రెండు ముక్కలుగా చేశారు: ముందు మూత వాడేవాళ్లకి, వెనక భాగం కంపెనీకి.

ఇంతమాత్రం తెలిస్తే చాలు. ‘మీ ఇంట్లోనే లోపమమ్మా’ అని ఎవరైనా తోసిపుచ్చబోతే, ‘చూశానండీ, బయటే’ అని గట్టిగా చెప్పగలం. ఆ మాట చెప్పడానికి మగవాళ్లు ఇంటికి రానక్కర్లేదు.