ట్యూబు పని ఎక్కడ, ఎంతసేపు?

కొత్త కారు కొనేవాళ్లు టైర్లలో ట్యూబు ఉందా అని అడగడం మానేసి చాలా ఏళ్లయింది. ట్యూబ్‌లెస్ అనేది ఇప్పుడు గొప్పగా చెప్పుకునే విశేషమే కాదు. బి.ఎఫ్. గుడ్‌రిచ్ కంపెనీ ఇంజినీరు ఫ్రాంక్ హెర్జెగ్‌కు దాని మీద 1952లో పేటెంటు దక్కింది. 1955 నాటికల్లా అమెరికాలో కొత్త కార్లకు ట్యూబ్‌లెస్ టైర్లే మామూలైపోయాయి. విచిత్రమేమిటంటే అదే అమెరికాలో, టైరు గురించి అందరికంటే ఎక్కువ పట్టింపు ఉండే డ్రాగ్ రేసర్లలో చాలామంది ఇప్పటికీ వెనక చక్రాల్లో ట్యూబులు వేసుకుంటున్నారు. అది పాతకాలం మీద మోజు కాదు, అవసరం. ఆ అవసరమేమిటో తెలిస్తే, మన పంక్చర్ షాపుల్లో ట్యూబ్‌లెస్ టైరులోకి ట్యూబు దూర్చే అలవాటు ఎక్కడ బెడిసికొడుతుందో కూడా అర్థమవుతుంది.

డ్రాగ్ రేసంటే మలుపుల్లేని పందెం. రెండు కార్లు పక్కపక్కన నిలబడతాయి, పచ్చ లైటు పడగానే దూకుతాయి, 1320 అడుగులు, అంటే పావు మైలు వెళ్లేసరికి ఫలితం తేలిపోతుంది. అన్నిటికంటే బలమైన టాప్ ఫ్యూయల్ తరగతి కార్లకైతే 2008 నుంచి వెయ్యి అడుగులే. ఇంత చిన్న పందెంలో గెలుపోటములు మొదటి అరవై అడుగుల్లోనే సగం ఖాయమవుతాయి. ఆ అరవై అడుగుల్లో పనంతా వెనక టైర్లదే.

ఆ టైరును స్లిక్ అంటారు. మీద గాడులుండవు, బోడిగా ఉంటుంది. రబ్బరు మెత్తన, పక్క గోడలు పల్చన. మన కార్ల టైర్లలో 32 పీఎస్ఐ దాకా గాలి కొట్టిస్తాం. స్లిక్‌లో చాలాసార్లు ఎనిమిది నుంచి పదిహేను లోపే ఉంటుంది. గాలి తక్కువగా ఉంటే టైరు నేల మీద పరుచుకుంటుంది, పట్టు పెరుగుతుంది. డ్రైవరు క్లచ్ వదలగానే రిమ్ము ముందు తిరుగుతుంది, రోడ్డును కరుచుకున్న రబ్బరు మాత్రం రెప్పపాటు కాలం అక్కడే ఆగిపోతుంది. రెండింటి మధ్యా చిక్కిన పక్కగోడ పిండిన తడి చీరలా మెలి తిరుగుతుంది. స్లో మోషన్‌లో చూస్తే ఆ ముడతలు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు. కాసేపటికి వేగం అందుకున్నాక అదే టైరు విసురుకు ఉబ్బి ఎత్తు పెరుగుతుంది, గేరు మార్చినంత పని చేస్తుంది.

ఇలాంటి టైరు రోడ్డు టైర్ల నుంచి పుట్టలేదు. 1950లలో రేసర్లు పాత టైర్లకు కొత్త రబ్బరు అతికించి నెట్టుకొచ్చేవారు. మసాచుసెట్స్‌లో మార్విన్ రిఫ్‌చిన్, ఆయన తండ్రి హ్యారీ తమ పేర్లలోని మొదటి అక్షరాలతో ఎం అండ్ హెచ్ కంపెనీ పెట్టి, డ్రాగ్ రేసుల కోసమే టైర్లు చేయడం మొదలుపెట్టారు. 1960లో బోనవిల్ ఉప్పు మైదానంలో నాలుగు పాంటియాక్ ఇంజిన్ల కారుతో గంటకు 406 మైళ్ల వేగం అందుకున్న మిక్కీ థాంప్సన్ పేరిట కూడా ఆ తర్వాత టైర్ల కంపెనీ వెలిసింది. గుడ్‌ఇయర్, హూసియర్ కూడా ఈ రంగంలో పాతుకుపోయిన పేర్లే.

మెలి తిరగడానికి పల్చగా చేసిన గోడలోంచి గాలి మెల్లగా ఊరుతుంది. అదే ట్యూబు అవసరానికి మూలం. కారు టైరులో 32లో ఒక పీఎస్ఐ పోతే మూడు శాతం తగ్గినట్టు. ఎవరికీ తెలియను కూడా తెలియదు. ఎనిమిదిలో ఒకటి పోతే పన్నెండున్నర శాతం పోయినట్టు. రెండు వెనక టైర్లలో ఒకటి ఇలా దిగిందంటే కారు ఆ పక్కకు లాగుతుంది. అర పీఎస్ఐ తేడాకే సెట్టింగులు మార్చుకునే ఆటలో, గాలి నిలవడమనేది సౌకర్యం కాదు, ప్రాణావసరం. ట్యూబు వేస్తే గాలి నిలుస్తుంది, చివర్లో వేగం మీదున్నప్పుడు టైరు ఊగిసలాట కూడా తగ్గుతుందని చాలామంది రేసర్ల అనుభవం.

అయితే అక్కడ ట్యూబు ఒంటరిగా రాదు. గాలి తక్కువగా ఉన్న టైరు కారు దూకే దెబ్బకు రిమ్ము మీద జారి పక్కకు తిరిగిపోగలదు. టైరుతో పాటు ట్యూబూ తిరుగుతుంది, రిమ్ము రంధ్రంలో ఇరుక్కున్న వాల్వు మాత్రం తిరగదు, దాంతో వాల్వు మొదలు దగ్గర తెగుతుంది. అందుకే రిమ్ము అంచుకు చుట్టూ రంధ్రాలు చేసి, రిమ్మును పట్టుకునే టైరు అంచులోకి, అంటే బీడింగులోకి స్క్రూలు దిగేస్తారు. ఆ స్క్రూ రవ్వంత పొడుగైనా ట్యూబుకే గుచ్చుకుంటుంది కాబట్టి దాని కొలత కూడా చూసుకోవాలి. ఎక్కించే ముందు టైరు లోపల అంటించిన లేబుళ్లు ఊడబీకి, పౌడరు చల్లుతారు, ట్యూబు ఒరుసుకోకుండా. రిమ్ము నుంచి టైరు మీదికి ఒక గీత గీస్తారు. రేసు అయ్యాక ఆ గీత విరిగి కనిపిస్తే టైరు జారినట్టు. ప్రతి పరుగుకూ ముందు గేజీ పెట్టి గాలి చూస్తారు.

ఇన్ని చేసినా ట్యూబుకు ఖరీదుంది. ఒక్కో చక్రానికి కొంత బరువు పెరుగుతుంది, అదీ తిరిగే బరువు. ఆ బరువు వద్దనుకునేవాళ్లు గాలి ఊరని టైర్లు వెతుక్కుంటారు, లేదా బీడింగును రింగుతో బిగించే ఖరీదైన రిమ్ములు కొంటారు. రేడియల్ రకం డ్రాగ్ టైర్లలో సాధారణంగా ట్యూబు వేయరు. అంటే ట్యూబు వేయడం కూడా, మానేయడం కూడా టైరు తయారీని బట్టి లెక్క వేసుకుని తీసుకునే నిర్ణయమే.

ఇప్పుడు మన రోడ్డు పక్క షాపుకు వద్దాం. చక్రాన్ని నీళ్ల తొట్టిలో తిప్పుతుంటే పక్కగోడ దగ్గర బుడగలు వరసగా లేస్తాయి. "సార్, సైడు కోసుకుపోయింది, స్ట్రిప్పు ఆగదు. ట్యూబేసేద్దాం, ఏం కాదు" అంటాడు కుర్రాడు. అతన్ని తప్పుపట్టి లాభం లేదు. కొత్త టైరు వేలల్లో, ట్యూబు వందల్లో. బండాయన కూడా అదే మాట వినాలనుకుంటాడు.

కానీ రెండు చోట్లా జరిగే పని ఒకటి కాదు. అక్కడ దెబ్బ తగలని టైరులో గాలి ఊరకుండా ట్యూబు వేస్తున్నారు. ఇక్కడ తెగిన టైరును కప్పిపుచ్చడానికి వేస్తున్నారు. గాలి నిలుస్తుంది, నిజమే. పక్కగోడలో తెగిన దారాలు మాత్రం అతుక్కోవు. రేపు ఏ గుంతలోనో అక్కడే ఉబ్బి పగలొచ్చు.

కాలం లెక్క చూసినా పొంతన లేదు. 28 అంగుళాల స్లిక్ పావు మైలు పూర్తి చేసేసరికి తిరిగేది సుమారు 180 చుట్లు. పది సెకన్లలో పని అయిపోతుంది, ఆ తర్వాత గ్యారేజీలో చల్లబడుతుంది. హైదరాబాద్ నుంచి విజయవాడ దాదాపు 270 కిలోమీటర్లు. మామూలు కారు చక్రం లక్షా ముప్పై వేల చుట్ల దాకా తిరగాలి, మే నెల ఎండలో కూడా. ఔటర్ రింగ్ రోడ్డు మీద కార్లకు 120 కిలోమీటర్ల వేగం అనుమతిస్తున్నారు. ట్యూబు కోసం తయారు కాని టైరు లోపలి గరుకు మీద ట్యూబు గంటల తరబడి ఒరుసుకుంటే వేడి పుడుతుంది. ట్యూబ్‌లెస్ టైరుకు మేకు దిగితే గాలి సాధారణంగా మెల్లగా పోతుంది, పక్కకు తీసి ఆపే వ్యవధి దొరుకుతుంది. ట్యూబు చిరిగితే గాలి ఒక్కసారిగా పోతుంది.

కొత్త కార్లలో సమస్య ఇంకా ముదిరింది. ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి ఒత్తిడి చెప్పే సెన్సర్లు, పంక్చర్ కిట్టు ఉన్న చిన్న ప్రయాణికుల వాహనాలకు స్టెప్నీ తప్పనిసరి కాదని 2020లో కేంద్ర రోడ్డు రవాణా శాఖ నిబంధన మార్చింది. అలాంటి కారుకు ట్యూబు వేస్తే ఏమవుతుంది? చాలా కార్లలో సెన్సరు వాల్వుకే బిగించి ఉంటుంది, ట్యూబు కోసం దాన్ని పీకెయ్యాలి. కిట్టులోని స్ట్రిప్పు ట్యూబుకు పనికిరాదు. స్టెప్నీ ముందే లేదు. ఒక్క ట్యూబుతో మూడు రక్షణలూ పోయినట్టే. ఆ సంగతి షాపులో ఎవరూ చెప్పరు, బండి కొన్నప్పుడు షోరూములోనూ చెప్పరు.

స్పోకు చక్రాల బైకుల మాట వేరు. స్పోకుల రంధ్రాల్లోంచి గాలి కారుతుంది కాబట్టి చాలా బైకులకు కంపెనీయే ట్యూబు వేసి ఇస్తుంది, అది ఉండాల్సిన చోటే. రాత్రిపూట దారిలో చిక్కుకున్నవాళ్లు తర్వాతి ఊరి దాకా నెమ్మదిగా చేరడానికి ట్యూబు వేయించుకున్నా తప్పు పట్టలేం. ఆ తాత్కాలికం నెలల తరబడి సాగడమే తప్పు. రిమ్ము వంకర పోతే రిమ్మునే సరిచేయించాలి. సైడు కోసుకుపోతే టైరే మార్చాలి. నడుమ దిగిన మేకుకు టైరు విప్పి లోపలి నుంచి ప్యాచ్ వేయించాలి. టైర్ల కంపెనీలు డీలర్లకు ఇచ్చే శిక్షణలో కొంత భాగమైనా రోడ్డు పక్క పంక్చర్ షాపుల దాకా తీసుకెళ్లాలి. ట్యూబు వేసినప్పుడు బిల్లు మీద ఆ మాట, తేదీ, కిలోమీటర్ల రీడింగు రాసిచ్చే పద్ధతి ఒకటి మొదలైతే, ఆ బండిని తర్వాత ఎవరు కొన్నా లోపల ఏముందో తెలుస్తుంది.