డౌన్‌ఫాల్ అనే మాట ఎవరికి చెల్లుతుంది?

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్ళు అడిగినప్పుడు యువత బాధ్యత మీదో, చదువు విలువ మీదో రాద్దామనుకున్నాం. అవి ప్రతి ఏడూ ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. అందుకని ఈసారి ఒక ఇంగ్లీషు మాట మీద రాస్తున్నాం. ఆ మాట డౌన్‌ఫాల్. ఒక్క మాటకు ఇంత వ్యాసమా అని నవ్వకండి. అది మా గదిలోకి ఎలా వచ్చిందో ముందు చెప్తాం.

మేము డిగ్రీ మొదటి సంవత్సరంలో ఉండగా మా గదిలో ఒక మిత్రుడు ఉండేవాడు. ఇంటర్ దాకా తెలుగు మీడియం. లెక్కల్లో మా అందరికంటే దిట్ట. రాత్రి భోజనాలయ్యాక మేమే అతని చుట్టూ చేరి చెప్పించుకునేవాళ్ళం. డిగ్రీలో చేరగానే అంతా ఇంగ్లీషు మీడియం అయింది. మొదటి సెమిస్టర్‌లో నాలుగు సబ్జెక్టులు పోయాయి. ఫలితాలు వచ్చిన రోజు క్లాసులో ఒక సార్ మార్కుల కాగితం చూస్తూ "ఇంగ్లీష్ వాజ్ హిజ్ డౌన్‌ఫాల్" అన్నారు. కోపంతో అనలేదు, జాలితోనే అన్నారు. నిజం దాచడమెందుకు, మాకు ఆ వాక్యం తెగ నచ్చింది. వారం రోజులు మెస్‌లో మేమే వాడాం. సాంబారు పలచగా ఉంటే "నీళ్ళే దీని డౌన్‌ఫాల్" అన్నాం. ఎవడైనా గోలీ బంతికి ఔటైతే అదే మాట. అతను కూడా మాతో కలిసి నవ్వాడు. వేసవి సెలవులకు ఇంటికి వెళ్ళినవాడు మళ్ళీ రాలేదు.

పీజీకి వచ్చాక ఒకరోజు లైబ్రరీలో ఆ మాట కోసం పెద్ద నిఘంటువు తిరగేశాం. మూడు అర్థాలు కనిపించాయి. అధికారం, హోదా, సంపద ఉన్నవారు వాటిని పోగొట్టుకోవడం ఒకటి. అలా పోగొట్టుకోవడానికి కారణమైనది రెండోది. మూడోది ఉధృతంగా కురిసే వాన లేదా మంచు. ఈ మూడో అర్థంలో ఇప్పుడు ఎక్కువమంది డౌన్‌పోర్ అంటున్నారు. పాపం, వాన పడితే అది వాన తప్పు అని మాత్రం ఏ నిఘంటువూ అనలేదు.

పరీక్షలకు పనికొచ్చే సంగతి ఒకటి ఇక్కడే చెప్పేస్తాం. డౌన్‌ఫాల్ నామవాచకం. "హీ డౌన్‌ఫాల్డ్" అని రాస్తే మార్కు పోతుంది. కోటకు, నగరానికి సాధారణంగా ఫాల్ అంటారు. రాజుకు, వంశానికి, ప్రభుత్వానికి డౌన్‌ఫాల్ అంటారు. 1945లో హిట్లర్ చివరి రోజుల మీద జర్మన్‌లో తీసిన సినిమా 2004లో వచ్చింది. ఇంగ్లీషులో దాని పేరు డౌన్‌ఫాల్. పేరు సరిగ్గా అతికింది. అంత ఎత్తున కూర్చున్నవాడు కాబట్టి అంత లోతుకు పడ్డాడు. మన ఊళ్ళలో ఈ అర్థానికి చక్కని మాట ఉంది, బతికి చెడ్డవాడు అని. ముందు బతకాలి, తర్వాతే చెడాలి. ఎత్తు లేనిదే ఆ మాట నిలబడదు.

రెండో అర్థం దగ్గర మాకు పేచీ ఉంది. "ప్రైడ్ వాజ్ హిజ్ డౌన్‌ఫాల్" అంటారు, అంటే గర్వమే అతన్ని చెడగొట్టింది అని. అలా వాడినప్పుడల్లా చూపు పడినవాడి లోపలికే పోతుంది. తోసినవాడు ఉన్నా వాక్యంలో కనిపించడు. గోల్కొండ చివరి సుల్తాను తానీషా సంగతి చూడండి. విలాసాలే ఆయన డౌన్‌ఫాల్ అని చెప్పేవాళ్ళు ఉన్నారు. కానీ 1687లో ఔరంగజేబు సైన్యం దాదాపు ఎనిమిది నెలలు ముట్టడి వేసినా ఆ కోట లొంగలేదు. చివరికి లోపలి అధికారి ఒకడు లంచం తిని రాత్రిపూట తలుపు తెరిచాడు. తానీషా దౌలతాబాద్ కోటలో ఖైదీగా ఉండి అక్కడే చనిపోయాడు. విలాసాలు నిజమే కావచ్చు. తలుపు తెరిచిన చెయ్యి మాత్రం ఆయనది కాదు.

ఇప్పుడు మా మిత్రుడి మీద పడిన వాక్యానికి వస్తాం. అతను ఏ ఎత్తు నుంచి పడ్డాడు? వాళ్ళింట్లో డిగ్రీ క్లాసు గడప తొక్కిన మొదటివాడు అతనే. ఇంగ్లీషు అతని లోపల ఉన్న దుర్గుణమా? పన్నెండేళ్ళు ఒక భాషలో చదివించి, ఒక్క వేసవిలో ఇంకో భాషలోకి మార్చి, మధ్యలో ఒక్క నెల కూడా ఎవరూ నేర్పలేదు. అతని తప్పు అసలే లేదని అనం. నెల తిరక్కముందే వెనక బెంచీకి మారాడు. అసైన్‌మెంట్లు మావి చూసి రాశాడు, మేమూ ఇచ్చాం. అయితే అది నాలుగు సబ్జెక్టుల కథ. మనిషి పతనం కథ కాదు.

ఈ సందర్భంలో ఇంకో పాత మాట గుర్తుకొస్తుంది. 1932 సెప్టెంబరులో జరిగిన పూనా ఒప్పందంలో మన తాతల్ని డిప్రెస్డ్ క్లాసెస్ అన్నారు. 1935 చట్టంతో షెడ్యూల్డ్ కులాలు అనే మాట వచ్చింది. డిప్రెస్డ్ అనేది గౌరవమైన పేరేమీ కాదు. అయినా అందులో ఒక నిజం ఉంది. కిందికి నొక్కబడినవారు అని దాని అర్థం. నొక్కబడ్డారంటే నొక్కినవాడు ఒకడు ఉన్నట్టే కదా! పడిపోయినవారు అంటే ఆ ప్రశ్నే రాదు. ఇక నచ్చని మాటను వద్దనే హక్కు మనకు కొత్తగా వచ్చింది కాదు. 1917లో బెజవాడలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన పంచముల పేరుతో పిలిచిన మహాసభ, ఆ పేరునే కాదని ఆది ఆంధ్ర అని పెట్టుకుంది.

మాటలదేముంది, నాలుగు మాటలు పడితేనే పౌరుషం వచ్చి చదువుతారు అని కొందరు సీనియర్లు వాదిస్తారు. కొందరికి అలా వచ్చి ఉండవచ్చు. మా గదిలో మాత్రం పౌరుషం రాలేదు, మంచం ఖాళీ అయింది.

ఆ రోజుల్లో అతన్ని వెతుక్కుంటూ వాళ్ళ ఊరు వెళ్ళాం. అతను కనపడలేదు. వాళ్ళమ్మ గుమ్మంలో కూర్చుని "పరీక్ష తప్పిండంట బిడ్డా" అంది. బడికి పోని ఆ తల్లి మాట మా సార్ మాటకంటే సరైనదని మాకు ఇప్పుడు అనిపిస్తోంది. మన ఊళ్ళలో పది తప్పాడు, ఇంటర్ తప్పాడు అంటారు. గురి తప్పినట్టు, బస్సు తప్పినట్టు. తప్పిన బస్సు వెనక ఇంకోటి వస్తుంది. ఇంగ్లీషులోనే చెప్పాలంటే సెట్‌బ్యాక్ అనే మాట ఉంది. పేపర్లు పోయిన జూనియర్లకు అది వాడండి. డౌన్‌ఫాల్‌ను రాజులకు, నియంతలకు వదిలేయండి.

పోయిన ఆదివారం అతనికి ఫోన్ చేశాం. వాళ్ళమ్మే ఎత్తింది. "సెంట్రింగ్ పనికి పోయిండు బిడ్డా, పొద్దుమీకి వస్తడు" అంది. బ్యాక్‌లాగ్ పరీక్షల ఫీజు చివరి తేదీ చెప్పాం. రాసుకునేవాళ్ళు ఇంట్లో లేరని, ఆ తేదీని మా చేత రెండుసార్లు చెప్పించుకుని, మూడోసారి తనే పలికి సరిచూసుకుంది.