ఖలాసీ సర్వీసు పుస్తకానికి మార్కులెన్ని?

ఖరగ్‌పూర్ అనగానే చాలామందికి పొడవాటి ప్లాట్‌ఫారం గుర్తొస్తుంది, లేదంటే 1951లో హిజ్లీ నిర్బంధ శిబిరం భవనంలో మొదలైన ఐఐటీ. ఊరికి ప్రాణం పోసిన రైల్వే వర్క్‌షాపు ఆ తర్వాతే తలపుకొస్తుంది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలంలో ఉత్తరాంధ్ర పల్లెల నుంచి వచ్చి ఖలాసీలుగా, ఫిట్టర్లుగా, గ్యాంగ్‌మన్‌లుగా చేరిన తెలుగువాళ్ల మనవళ్లు, మునిమనవళ్లు ఇప్పటికీ మథురాకాటి, నింపురా వైపు కాపురముంటున్నారు. 1927లో ఇక్కడి రైల్వే కార్మికుల సమ్మెలో ముందు నిలిచిన వి.వి.గిరి బరంపురం తెలుగువాడు. ఆయనే 1952లో కేంద్ర కార్మిక మంత్రి, 1969లో రాష్ట్రపతి అయ్యాడు. 1957లో పుట్టిన భారత కార్మిక ఆర్థికశాస్త్ర సంఘానికి మొదటి అధ్యక్షుడు కూడా ఆయనే. నోయిడాలోని జాతీయ కార్మిక సంస్థకు 1995లో ఆయన పేరే పెట్టారు. మన దేశంలో ఈ శాస్త్రం వంశవృక్షం గీస్తే ఒక వేరు ఈ వర్క్‌షాపు గేటు దాకా వస్తుందన్నమాట. అలాంటప్పుడు కార్మిక ఆర్థికశాస్త్రంలో మేలైన పరిశోధనకు మనం ఇచ్చే పురస్కారాలు ఒక ప్రశ్న తప్పకుండా అడగాలి: ఈ పరిశోధకుడు కొత్తగా ఏ సాక్ష్యం వెలికితీశాడు? ఉన్న లెక్కలను ఎంత నేర్పుగా తిప్పాడన్నది దాని తర్వాతి మాట.

ప్రపంచంలో ఈ రంగానికి పేరు తెచ్చిన పని చూస్తే నా వాదన విడ్డూరంగా తోచదు. అప్పట్లో బాన్ నగరంలో ఉన్న ఐజడ్ఏ పరిశోధన సంస్థ కార్మిక ఆర్థికశాస్త్రంలో 2002లో మొదలుపెట్టిన బహుమతిని 2006లో డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్ అందుకున్నారు. 1992లో న్యూజెర్సీ రాష్ట్రం కనీస వేతనాన్ని గంటకు 4.25 డాలర్ల నుంచి 5.05 డాలర్లకు పెంచినప్పుడు, వాళ్లు అక్కడా పక్కనున్న పెన్సిల్వేనియాలోనూ 410 ఫాస్ట్‌ఫుడ్ దుకాణాలను పెంపుకు ముందొకసారి, తర్వాతొకసారి వాకబు చేశారు. జీతం పెరిగితే ఉద్యోగాలు పోతాయన్న పాఠ్యపుస్తకాల ధీమా అక్కడే బీటలు వారింది. అదే బహుమతి 2016లో క్లాడియా గోల్డిన్‌కు దక్కింది, 2023లో నోబెల్ కూడా వచ్చింది. అమెరికా పాత జనగణనలో పెళ్లయిన ఆడవాళ్ల వృత్తి గడిలో ‘భార్య’ అని రాసి వదిలేసేవారు. పొలంలో, ఇంటి వ్యాపారంలో వాళ్లు చేసిన పని లెక్కకే ఎక్కలేదు. ఆమె వేరే రికార్డులు తవ్వి సరిదిద్దితే, 1890ల చివరలో పనిచేసే వివాహితల వాటా జనగణన చెప్పినదానికి దాదాపు మూడు రెట్లని తేలింది. ఆ పాత కాగితాలు ఎవరూ తిరగేయకపోతే ఎంత పెద్ద సూత్రమున్నా ఈ సంగతి బయటపడేది కాదు.

మన రైళ్లకూ ఇలాంటి భాగ్యం పట్టింది, కానీ సరుకుల వరకే. ఆర్థికవేత్త డేవ్ డొనాల్డ్‌సన్ బ్రిటిష్ పాలన నాటి రికార్డుల్లోంచి జిల్లాల వారీగా ఉప్పు ధరలు పోగుచేసి, రైలు వచ్చాక రవాణా ఖర్చు ఎంత తగ్గిందో అంచనా కట్టాడు. 2017లో ఆయనకు జాన్ బేట్స్ క్లార్క్ పతకం వచ్చింది. ఉప్పు మూట ప్రయాణం మనకు తెలిసింది. ఆ రైలును మరమ్మతు చేసిన మనిషి ప్రయాణం గురించి మాత్రం ఆర్థికవేత్తలు అంతగా పట్టించుకోలేదు. ఖరగ్‌పూర్ రైల్వే కుటుంబాలపై ఓపికగా పనిచేసి 2007లో ‘లైన్స్ ఆఫ్ ద నేషన్’ అనే పుస్తకం తెచ్చిన లారా బేర్ మానవశాస్త్రవేత్త. రైల్వే ఉద్యోగికి ఒక సర్వీసు పుస్తకం ఉండేది: చేరిన తేదీ, సొంతూరు, తండ్రి పేరు, జీతం మెట్లు, బదిలీలు, పడిన శిక్షలు, విరమణ. ఖలాసీ కొడుకు ఫిట్టరయ్యాడా, మనవడు ఆఫీసు బల్ల దగ్గరికి చేరాడా, లేక మూడు తరాలూ ఒకే మెట్టు మీద ఆగిపోయాయా అన్నది అందులోంచి చదవవచ్చు. మన పరిశోధకులు ఎక్కువగా ఆధారపడే శ్రామిక శక్తి సర్వే 2017-18లో మొదలైంది. మొదట్లో దాని పద్ధతిలో పట్టణాల్లో ఒక ఇంటికి నాలుగుసార్లు వెళ్లేవారు. మంచి సర్వేనే, కాదనను. తాత సంగతి మాత్రం దానికి తెలియదు.

ఒక్క ఊరి రికార్డులతో దేశం గురించి ఏం చెప్పగలమని అడగవచ్చు. న్యూజెర్సీ కూడా అమెరికా మొత్తం కాదు. అక్కడ పనికొచ్చింది సరైన పోలిక. ఒకే రైల్వే కింద తెలుగు, బెంగాలీ, ఒడియా, ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు తరాల తరబడి పనిచేసిన చోటు పోలికకు ఇంకెంత అనువైనది! ఇది చరిత్ర, ఆర్థికశాస్త్రం కాదనేవాళ్లకు గోల్డిన్ నోబెల్ పతకమే జవాబు. వ్యక్తిగత వివరాలు బయటపడతాయన్న భయంలో న్యాయముంది. పేర్లు తీసేసి సంకేతాలు పెట్టాకే వాటిని బయటికివ్వాలి, అలా ఇవ్వడాన్ని కూడా పురస్కారం షరతుల్లో చేర్చాలి. నన్ను నిజంగా ఇబ్బంది పెట్టే అభ్యంతరం వేరే ఉంది. బీరువాల దుమ్ము దులపడానికి ఏళ్లు పడుతుంది. పీహెచ్‌డీ గడువు, ఉద్యోగానికి కావలసిన వ్యాసాల లెక్క అంతకాలం ఆగవు. పురస్కారమేమో పని పూర్తయ్యాక వచ్చేది. ఎవరో సేకరించిన అంకెలు దింపుకుని మూడు వ్యాసాలు రాసినవాడి ముందు, మూడేళ్లు రిజిస్టర్లు ఎక్కించినవాడు వెనకబడతాడు. అందుకే బహుమతి సొమ్ములో సగమైనా ముందుగా, పని ప్రణాళిక చూసి ఇవ్వాలంటాను. పనికొచ్చే దత్తాంశం తయారుచేసి నలుగురికీ అందించినవాడికి, దాని మీద వ్యాసం రాకపోయినా, వ్యాసకర్తతో సమానంగా మార్కులు వేయాలి.

ఇంత చేసినా సర్వీసు పుస్తకంలో దొరకనిది ఒకటుంది. రైల్వే క్వార్టరులో భర్త షిఫ్టుకు తగ్గట్టు వండి, పిల్లల్ని పెంచి, వీలైతే కుట్టుపనో చిరు వ్యాపారమో చేసుకున్న ఆడవాళ్ల పనికి అందులో గడి లేదు. దాని కోసం ఇళ్లకే వెళ్లి అడగాలి, చెప్పగల ముసలివాళ్లు ఉండగానే అడగాలి. తెలుగు వచ్చిన పరిశోధకుడైతే మథురాకాటిలో ఆ పని మరింత సులువు.