ఆర్సీలో పేరు మనది, సైలెన్సర్ నిర్ణయం ఎవరిది?

మీ ఇంట్లో కారు ఎవరి పేరున ఉంది? వీలైతే ఒకసారి ఆర్సీ తీసి చూడండి. మా ముదినేపల్లిలో నాకు తెలిసిన చాలా ఇళ్లలో కారు ఆడవాళ్ల పేరునే ఉంది. పుట్టింటివాళ్లు ఇచ్చిన డబ్బుతో కొన్నారని కొందరిది, పేరు కలిసొస్తుందని సిద్ధాంతిగారు చెప్పారని కొందరిది. మా వారిది అచ్చంగా లెక్కల వ్యవహారం. బైకు అప్పటికే ఆయన పేరున ఉంది. ఒకే మనిషి పేరున రెండో బండి ఉంటే లైఫ్ ట్యాక్స్ ఎక్కువ పడుతుందని కారు నా పేరున రాయించారు. అలా 2018లో నేను ఒక పెట్రోలు కారుకు యజమానురాలినయ్యాను. స్టీరింగ్ ఆయనది, పాటలు మా అబ్బాయివి, వెనక సీటూ నీళ్ల సీసాలూ పులిహోర డబ్బా నావి.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. పేరు మనదైనప్పుడు ఆ బండికి ఏం బిగిస్తున్నారో, ఏం పీకేస్తున్నారో, పొల్యూషన్ పరీక్ష నిజంగా చేయిస్తున్నారో లేదో మనం అడగాలి. కారు సంగతులు మనకెందుకులే అనుకుంటే కుదరదు. చట్టం అడిగేది మనల్నే.

మోటారు వాహనాల చట్టం 1988లో వచ్చింది. కంపెనీ తయారు చేసిన తీరుకీ, ఆర్సీలో రాసిన వివరాలకీ భిన్నంగా బండిని మార్చకూడదని అందులో 52వ సెక్షన్ చెబుతుంది. కేరళ నుంచి వెళ్లిన ఒక కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే మాట గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్టాన్ని సవరించి 182-ఏ సెక్షన్ చేర్చారు. అనుమతి లేని మార్పు చేస్తే యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. యజమాని అంటే ఆర్సీలో పేరున్న మనిషి. పొగ, మోత హద్దు దాటిన బండికి 190వ సెక్షన్ కింద 10,000 రూపాయల దాకా జరిమానా ఉంది. అది నడిపినవాళ్లకే కాదు, నడపనిచ్చినవాళ్లకి కూడా వర్తిస్తుంది. "నాకేం తెలుసండీ, మా అబ్బాయి చేయించాడు" అన్న మాట అక్కడ ఎంతవరకు పనికొస్తుందో ఆలోచించుకోండి.

ఇంతకీ ఏం మారుస్తున్నారు? మా వైపు కుర్రాళ్లకి మోజంతా సైలెన్సర్ మీదే. కంపెనీ బిగించిన గొట్టం తీయించి, గుర్రుగుర్రుమనే కొత్త గొట్టం పెట్టిస్తారు. అందులో పోయేది మోత ఆపే డబ్బా ఒక్కటే కాదు. చాలాసార్లు క్యాటలిటిక్ కన్వర్టర్ కూడా తీసేస్తారు. పేరు నోరు తిరగనిదే కానీ, పని మన వంటింటి భాషలో చెప్పుకోవచ్చు. తేనెపట్టులా సన్నని గదులున్న ఒక జల్లెడ అది. ఆ గదుల గోడలకి ప్లాటినం, పల్లాడియం, రోడియం లాంటి ఖరీదైన లోహాల పూత ఉంటుంది. ఇంజిన్ నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్, సగం కాలిన పెట్రోలు ఆవిరి ఆ వేడి గదుల్లోంచి పోతూ చాలావరకు బొగ్గుపులుసు వాయువుగా, నీటి ఆవిరిగా మారిపోతాయి. జల్లెడ తీసేస్తే ఆ విషం ఉన్నదున్నట్టు బయటికొస్తుంది.

కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ప్రాణవాయువు కూర్చోవాల్సిన చోట అది కూర్చుంటుంది. తలనొప్పి, వికారం వస్తాయి. ఎండకి తిరిగొచ్చాం కదా అనుకుని మజ్జిగ తాగి పడుకుంటాం. మన ఇళ్లలో కారు ఎక్కడ నిలబెడతారో గమనించారా? పోర్టికోలో. పోర్టికో పక్కనే ముందు గది కిటికీ. పొద్దున్నే ఇంజిన్ ఆన్ చేసి మగవాళ్లు ఫోన్లో మాట్లాడుకుంటూ నిలబడితే, ఆ పొగ ముందుగా వచ్చేది ఇంట్లో ఉన్నవాళ్ల మీదికే.

మా ఇంట్లో ఆ ముందు గది మా అత్తయ్యగారిది. ఆవిడకి ఆయాసం. మా అబ్బాయి ఇంజనీరింగ్ సెలవులకి వచ్చి, స్నేహితులతో విజయవాడ వెళ్లి, కారుకి కొత్త సైలెన్సర్ వేయించుకొచ్చాడు. "స్పోర్ట్స్ కారులా ఉంది కదమ్మా" అని మురిసిపోయాడు. అత్తయ్యగారు మంచం మీంచే "ఏంట్రా అది, ధాన్యం మిల్లు ఇంటికి తెచ్చావా?" అన్నారు. అందరం నవ్వుకున్నాం. ఆ వారంలోనే పొల్యూషన్ సర్టిఫికెట్ గడువు తీరింది. బండి తీసుకెళ్లక్కర్లేదు, నంబరు ప్లేటు ఫోటో పంపితే కాగితం వచ్చేస్తుంది అన్నారు మా వారు. నేను ఒప్పుకోలేదు. పక్క సీట్లో కూర్చుని నేనూ వెళ్లాను.

పరీక్షేమీ పెద్ద తతంగం కాదు. ఇంజిన్ నడుస్తుండగా సైలెన్సర్ గొట్టంలోకి ఒక సన్నని కడ్డీ పెడతారు. పొగలో ఏది ఎంతుందో మిషన్ చూపిస్తుంది. మా కారు లాంటి బీఎస్-4 పెట్రోలు బండికి ఇంజిన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు కార్బన్ మోనాక్సైడ్ 0.3 శాతం దాటకూడదు. కాలని పెట్రోలు ఆవిరి, అంటే హైడ్రోకార్బన్లు, పది లక్షల వంతుల్లో 200 దాటకూడదు. మా మిషన్ మొదటి దానికి 1.9 చూపించింది. రెండోది 400 దాటింది.

అక్కడి అబ్బాయి చాలా మర్యాదగా, "ఏం పర్లేదు మేడం, కడ్డీ ఆ పక్క కారుకి పెట్టి మీ నంబరు మీద తీసేస్తాను" అన్నాడు. ఎవరి బండికి ఎవరి ఊపిరి! వద్దు బాబూ అన్నాను. మా వాడు చిన్నబుచ్చుకున్నాడు. "కాగితమే కదమ్మా!"

"కాగితం పోలీసుకి చూపించడానికి నాన్నా. పొగ మీ నానమ్మ పీల్చడానికి" అన్నాను.

ఒక మంచి పని ఏం జరిగిందంటే, పాత సామాను వాడు పారేయకుండా అటక మీద పెట్టాడు. దాన్ని దింపించి, గుడివాడలో మెకానిక్ దగ్గర మళ్లీ బిగించాం. ఇంజిన్ బాగా వేడెక్కేదాకా తిప్పి మళ్లీ పరీక్ష చేయిస్తే 0.05, 40 వచ్చాయి. అదే కారు, అదే పెట్రోలు. తేడా అంతా ఆ జల్లెడదే. కొత్త సైలెన్సర్ ఇప్పుడు అటకెక్కింది.

ఇలాంటివి చెబితే మగవాళ్లు ఒక మాట అంటారు. కోతలయ్యాక పొలాల్లో గడ్డి తగలబెడుతున్నారు, చేపల చెరువుల గట్ల మీద డీజిలు ఇంజిన్లు నడుస్తున్నాయి, హైవే మీద లారీలు రాత్రింబవళ్లు తిరుగుతున్నాయి, మన ఒక్క కారుతో ఏం మారుతుంది అని. ఆ మాటలో నిజం లేదనను. పామర్రు నుంచి భీమవరం వైపు పోయే రోడ్డు పక్కన ఉన్న ఊరు మాది, ఆ పొగ మాకు కొత్త కాదు. కానీ పొలంలో గడ్డి నేను ఆపలేను. నా పోర్టికోలో పొగ ఆపగలను. చేతనైనది చేయడానికి చేతకానిది అడ్డం చెప్పుకోవడం ఎందుకు? వీధిలో అందరూ చెత్త వేస్తున్నారని మనం ఇంట్లో ఊడవడం మానేస్తామా?

ఇంకో మాటా ఉంది. ఆ పరీక్షే బూటకం, ఇంజిన్ ఖాళీగా తిరుగుతుంటే కొలిచి ఏం లాభం అంటారు. రోడ్డు మీద బరువుతో పోయేటప్పుడు వచ్చే పొగంతా అందులో తేలదన్నది నిజమే. అయినా జల్లెడ ఉందా లేదా అన్నది మా మిషన్ నిమిషంలో పట్టేసింది. ఉన్న పరీక్ష సరిగ్గా చేయించకుండా అది పనికిరాదనడం నాకైతే సబబుగా తోచలేదు.

గ్యాస్ కిట్ సంగతి వేరు. ప్రభుత్వం ఆమోదించిన కిట్ వేయించుకోవడం తప్పు కాదు, చట్టమే ఒప్పుకుంటుంది. దాన్ని ఆర్సీలో ఎక్కించాలి, అంతే. తప్పు ఎక్కడంటే, వంటింటి 14.2 కిలోల సిలిండర్ లోంచి కారుకి గ్యాస్ ఎక్కించడంలో. అది నేరం, పైగా ప్రాణాంతకం. ఆ సిలిండర్ పుస్తకం కూడా చాలా ఇళ్లలో మన పేరునే ఉంటుందని వేరే చెప్పాలా?

మరి మనం చేయగలిగింది ఏమిటి? ముందు ఆర్సీలో పేరు చూసుకోండి. దాని మీద బీఎస్ ఎంతో కూడా చూడండి. బీఎస్-4, బీఎస్-6 బళ్లకి పొల్యూషన్ సర్టిఫికెట్ ఏడాదికోసారి, అంతకంటే పాతవాటికి ఆరు నెలలకోసారి తీసుకోవాలి. కొత్త బండికి మొదటి ఏడాది అక్కర్లేదు. గడువు తేదీ గోడ మీద క్యాలెండర్లో, గ్యాస్ బుకింగ్ తేదీ పక్కనే రాసుకోండి. పరీక్షకి ఇంజిన్ చల్లగా ఉండగా వెళ్లొద్దు, ఆ జల్లెడ వేడెక్కితేనే పని చేస్తుంది. పది, పదిహేను కిలోమీటర్లు తిరిగాక వెళ్లడం మేలు. మేమైతే సింగరాయపాలెం గుడికి వెళ్లొచ్చే దారిలో చేయించుకుంటున్నాం. చేతికిచ్చిన కాగితంలో అంకెలు చదవండి, హద్దు ఎంతో పక్కనే అచ్చు వేసి ఉంటుంది.

పిల్లలు ఏదైనా మార్పిస్తామంటే, ఆర్టీఓ ఆఫీసు ఒప్పుకుంటుందా అని ముందు అడగండి. సైలెన్సర్ నిజంగానే పాడై మార్చాల్సి వస్తే, "పాతది మాకిచ్చేయండమ్మా, కొంత తగ్గిస్తాం" అనే షాపు దగ్గర జాగ్రత్తగా ఉండండి. ఆ తగ్గింపు ఎందుకో ఇందాక చెప్పిన లోహాల పేర్లు చూస్తే తెలుస్తుంది.

మా అబ్బాయి రెండు రోజులు ముభావంగా ఉన్నాడు. మూడో రోజు వాడే వచ్చి, బీఎస్-6 బండిలో ఆ జల్లెడ ఇంకెంత బాగా పనిచేస్తుందో నాకు పాఠం చెప్పాడు. నేను ముద్దపప్పు కలిపి పెడుతూ విన్నాను. సగం అర్థమైంది. మిగతా సగం వచ్చే ఏడు సర్టిఫికెట్‌కి వెళ్లినప్పుడు మిషన్ దగ్గర నిలబడి అడిగి తెలుసుకుంటాను.