చీలమండ దగ్గర మీటితే... మూత్రాశయానికి ఊరట!

సుల్తానాబాద్ బస్టాండ్. హైదరాబాద్ బస్సు వచ్చి ఆగింది. మనవరాలి నిశ్చితార్థానికి ఇంటిల్లిపాదీ బయల్దేరారు. ఆఖరి నిమిషంలో ఇంటి పెద్దావిడ మాత్రం 'మోకాళ్లు నొస్తున్నయి బిడ్డా, మీరు పోయి రాండ్రి' అంటూ వెనకడుగు వేసింది. నిజానికి ఆమె మోకాళ్లు బాగానే ఉన్నాయి. భయమల్లా మూత్రం గురించే. కరీంనగర్ చేరేలోపు ఒకసారి, సిద్దిపేట దాటేలోపు మరోసారి వెళ్లాల్సి వస్తే? బస్సు ఆపమని నలుగురిలో ఎలా అడగడం? ఈలోపే చీర తడిస్తే?

ఇలాంటి పెద్దావిడలు ప్రతి వీధిలోనూ ఉంటారు. 'వయసు మీద పడింది, ఇంతే' అని సరిపెట్టుకుంటారు. బయటికి వెళ్లే రోజున నీళ్లు తాగడమే మానేస్తారు. కానీ ఇది వయసుతో పాటు భరించాల్సిన శిక్ష కాదు. చికిత్స ఉన్న సమస్య!

ఎందుకిలా?

మూత్రాశయం నిండుతుంటే ఆ కబురు నాడుల ద్వారా మెదడుకు చేరుతుంది. 'ఇంకాసేపు ఆగు' అని మెదడు ఆదేశిస్తుంది. ఈ రాకపోకలు గాడి తప్పితే సగం కూడా నిండకముందే మూత్రాశయం బిగుసుకుంటుంది. అప్పటికప్పుడు పరుగెత్తాల్సి వస్తుంది. దీన్నే ఓవర్ యాక్టివ్ బ్లాడర్ అంటారు. ఆడవాళ్లకే కాదు, మగవాళ్లకూ వస్తుంది. దగ్గినా, తుమ్మినా చుక్కలు పడటం వేరే సమస్య. దానికి ఈ నాడీ చికిత్స పనికిరాదు.

ముందు ఇంట్లోనే...

డాక్టర్లు మొదట మూత్ర పరీక్ష, షుగర్ పరీక్ష చేయిస్తారు. మగవాళ్లయితే ప్రోస్టేట్ కూడా చూస్తారు. ఎప్పుడెప్పుడు వెళ్లారో, ఎంత తాగారో మూడు రోజుల పాటు రాసుకురమ్మంటారు. టీ, కాఫీ తగ్గించాలి. నీళ్లు మాత్రం మానకూడదు. మూత్రం చిక్కబడితే మంట, తొందర ఇంకా పెరుగుతాయి. మలబద్ధకం లేకుండా చూసుకోవాలి. మూత్రం వచ్చినట్టు అనిపించగానే పరుగెత్తకుండా మొదట ఐదు నిమిషాలు, తర్వాత పది నిమిషాలు ఆపుకోవడం అలవాటు చేసుకోవాలి. కటి కండరాలను బిగించి వదిలే వ్యాయామం కూడా మేలు చేస్తుంది. వీటితో తగ్గకపోతే మందులు. కొందరికి మందులతో నోరు ఎండిపోతుంది, మలబద్ధకం వస్తుంది. అలాంటి వాళ్లకు మరో దారి ఈ నాడీ ప్రేరణ.

కాలికీ మూత్రాశయానికీ సంబంధమేమిటి?

చీలమండ లోపలి వైపు నుంచి టిబియల్ నాడి వెళ్తుంది. నడుము కింద వెన్ను దగ్గర దీని మూలాలూ మూత్రాశయ నాడుల మూలాలూ కలుస్తాయి. అందుకే కాలి దగ్గర మీటితే పైన మూత్రాశయం శాంతిస్తుంది. అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో డాక్టర్ మార్షల్ స్టోలర్ 1990ల్లో ఈ పద్ధతికి రూపమిచ్చారు. చీలమండకు మూడు వేళ్ల ఎత్తున వెంట్రుకంత సన్నటి సూది గుచ్చి, అరగంట పాటు స్వల్పంగా కరెంటు పంపుతారు. అరికాల్లో జలదరింపులా ఉంటుంది. మత్తు అక్కర్లేదు, ఆసుపత్రిలో పడుకోనక్కర్లేదు. వారానికోసారి చొప్పున 12 వారాలు!

2010లో వెలువడిన ఓ అమెరికా పరిశోధనలో 220 మందిని రెండు జట్లు చేశారు. అసలు చికిత్స పొందిన వాళ్లలో 54.5 శాతం మందికి గుణం కనిపించింది. ఉత్తుత్తి చికిత్స పొందిన వాళ్లలో 20.9 శాతం మందికే. అంటే అందరికీ తగ్గదు, కానీ సగం మందికి పైగా మేలు. ఆ మేలు నిలవాలంటే తర్వాత కూడా నెలకోసారి దాకా వెళ్లాల్సి రావచ్చు.

దూరమే అసలు చిక్కు

బస్సెక్కడానికే భయపడే మనిషి పన్నెండు సార్లు నగరానికి తిరగడమంటే మాటలా? అందుకే సూది లేని పద్ధతి కూడా వచ్చింది. ఫిజియోథెరపిస్టుల దగ్గర నొప్పులకు వాడే టెన్స్ మిషన్‌తోనే చీలమండ దగ్గర ప్యాడ్లు అంటించి కరెంటు పంపుతారు. నేర్చుకుంటే ఇంట్లోనూ చేసుకోవచ్చు. అయితే అందరికీ పనిచేస్తుందన్న భరోసా లేదు. బ్రిటన్‌లో వృద్ధాశ్రమాల్లోని 408 మందిపై పరీక్షిస్తే ప్రయోజనం కనిపించలేదు. డాక్టర్‌తో మాట్లాడాకే మొదలుపెట్టాలి. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు, గర్భిణులు దీని జోలికి వెళ్లకూడదు.

దేనికీ లొంగకపోతే నడుము కింద వెన్ను నాడి పక్కన చిన్న పరికరం అమర్చే ఆపరేషన్ ఉంది. దీనికి అమెరికాలో 1997లోనే అనుమతి లభించింది. ముందు కొన్ని రోజులు తాత్కాలికంగా పెట్టి చూస్తారు. సమస్య కనీసం సగం తగ్గితేనే శాశ్వతంగా అమరుస్తారు. ఖర్చు ఎక్కువే.

మూత్రంలో రక్తం పడినా, జ్వరంతో మంట ఉన్నా, మూత్రం ఆగిపోయినా, కాళ్లు మొద్దుబారినా వెంటనే డాక్టర్‌ని కలవాలి.

మీ ఇంట్లో కూడా ఎవరైనా ప్రయాణమనగానే ఏదో ఒక సాకు చెబుతున్నారా? నలుగురిలో కాదు, పక్కకు పిలిచి మెల్లగా అడగండి. సిగ్గుతో ఆమె దాచుకున్న మాట బయటికి వస్తే సగం వైద్యం అయినట్టే. నిశ్చితార్థానికి రాలేకపోయినా మనవరాలి పెళ్లికైనా ఆమె నిశ్చింతగా బస్సెక్కాలి కదా!